దుర్ముఖిలో పోయిన పిచ్చయ్య

మా పొలం ఒక చనిపోయిన మనిషి పేరు మీద ఉంది. ఆ మనిషి చనిపోయినట్టు మాత్రం ఎక్కడా రాసి లేదు. గ్రామ సచివాలయంలో పొలాల కాగితాలు చూసే శ్రీను చిన్నాయన ఈ సంగతి మా తాతకు చెబుతున్నప్పుడు నేను పక్కనే గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను.

తాత పేరు నాగులు. అరవై ఎనిమిదేళ్లు. నిరుడు గొర్రెలన్నీ అమ్మి మూడున్నర ఎకరాల్లో బోరు వేయించాడు. కొమరోలు చుట్టుపక్కల బోరు వేస్తే దుమ్ము రావడం మామూలు. తాతకు నీళ్లు పడ్డాయి. ఆ సంతోషంలో మూడు వందల బత్తాయి మొక్కలు నాటాడు. కరెంటుకు అర్జీ పెడితే, పాసుపుస్తకం మీ పేరు మీద ఉంటేనే ఇస్తామన్నారు. అప్పటి నుంచి బోరులో నీళ్లు బోరులోనే ఉన్నాయి. తాత మా ఇంటి ముందు కుళాయి కింద డ్రమ్ములు నింపి, బండి మీద తోలుకుపోయి, మొక్కకో చెంబు పోస్తున్నాడు. నలభై మొక్కలు అప్పటికే ఎండిపోయాయి.

"ఇదో చూడు పెద్దనాయనా" అని శ్రీను చిన్నాయన కంప్యూటరు తెరను మా వైపు తిప్పాడు. తాతకు చదువు రాదు. అయినా కళ్లు చిట్లించి శ్రద్ధగా చూశాడు. "హక్కుదారు పిచ్చయ్య. తండ్రి పేరు అన్నకాడ గీత. ఎవురీ పిచ్చయ్య?"

"మా తాత. నేను పుట్టకముందే పోయినాడంట."

"అయితే ఆయన వేలిముద్ర కావాల."

"యాడ నుంచి తెచ్చేదిరా?"

"బతికుంటే వేలిముద్ర. పోయింటే మరణ ధ్రువీకరణ పత్రం. రెండిట్లో ఒకటి లేనిదే ఇది ముందుకు పోదు. ఇరవయ్యో తేదీ గ్రామసభ. ఆ లోపల తేలకపోతే నీ పొలం వివాదాల జాబితాలోకి పోతాది. అందులోకి పోయినోళ్లు బయటికొచ్చింది నేనైతే చూడలేదు."

మా నాయన ఆనంద్ మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఆదివారం తప్ప ఇంటికి రాడు. తాత ఫోన్ చేస్తే, "గోపికను తోడు తీసుకపో నాయనా. అది మాట్లాడదు గానీ అన్నీ రాసుకుంటాది" అన్నాడు. అలా మా ముత్తాత తండ్రి చావు వెతికే పని నాకు వచ్చింది. ఇంటర్ మొదటి ఏడాదిలో నేను తీసుకున్నది హిస్టరీయే కాబట్టి, ఇంట్లో ఎవరికీ ఇది విచిత్రంగా తోచలేదు.

మొదట రాయి చూశాను. పొలం మూలన పిచ్చయ్య సమాధి మీద ఒక నాపరాయి పాతి ఉంది. దాని మీద నాచు గీకితే అక్షరాలు బయటపడ్డాయి: ‘పిచ్చయ్య. దుర్ముఖి. కార్తీక మాసం.’ అంతే. అంకెల్లో సంవత్సరం లేదు. ఫోన్‌లో చూస్తే దుర్ముఖి అంటే 1956 అని వచ్చింది. తాత పుట్టింది 57లో. తను పుట్టకముందే పోయాడన్న తాత మాటకు సరిపోయింది. పని అయిపోయిందనుకున్నాను.

తర్వాత ట్రంకుపెట్టె తెరిచాను. అడుగున, పాత చీర మడతలో, పొలం పట్టా దొరికింది. అప్పటికే సాగులో ఉన్న పొలాన్ని పిచ్చయ్యకు ఇస్తున్నట్టు రాసి, కింద తేదీ వేసి ఉంది. 1976.

మూడుసార్లు చదివాను. రాయి ప్రకారం మనిషి పోయింది 1956లో. పట్టా ప్రకారం పోయిన ఇరవై ఏళ్లకు వచ్చి పొలం తీసుకున్నాడు. ఈ పట్టా మా ఇంట్లో యాభై ఏళ్లుగా ఉంది. దాన్ని ఎలకలు కూడా ముట్టుకోలేదు. చదవడం మాత్రం ఎవరూ చదవలేదు.

ఆ కాలం మనిషి మా ఇంట్లో ఒక్కతే మిగిలింది. తాత వాళ్లమ్మ ఆదెమ్మ. ఎనభై ఏడేళ్లు. నేను ముసలవ్వ అంటాను. ఆమెకు చెవులు బాగానే వినిపిస్తాయి గానీ, వినిపించనట్టు కూర్చోవడం ఆమెకు అనుకూలం. వక్క దంచుకుంటుంటే పక్కన చేరి, చాలాసేపు తటపటాయించి అడిగాను.

"ముసలవ్వా, మీ మామ పేరు పిచ్చయ్యేనా?"

ఆమె రోలు వదిలేసి రెండు చెవులూ మూసుకుంది.

"ఛీ ఛీ! ఆ పేరు నా ముందర ఎత్తొద్దు. లే, పో ఆవలికి."

నేను లేచి వచ్చి నోటుబుక్కులో రాసుకున్నాను: ‘ముసలవ్వకు మామతో పడదు. కారణం తెలియదు.’ చరిత్ర పుస్తకాల్లో కూడా కొన్ని విషయాలు ఇలాగే రాసి ఉంటారేమో అని ఇప్పుడు అనిపిస్తోంది.

మరునాడు సచివాలయంలో శ్రీను చిన్నాయన నా నోటుబుక్కు ముందుకు లాక్కున్నాడు. ఆయన మా వీధివాడే. పని ఎగ్గొట్టే మనిషి కాదు. ఏ పనైనా ఎలాగోలా ముగించాలనే పట్టుదల ఆయనకు ఎక్కువ. మాకు వచ్చిన చిక్కంతా ఆ పట్టుదల వల్లే వచ్చింది.

"రాయేమో 56 అంటాది. పట్టా ఏమో 76లో బతికున్నాడంటాది. ఏది నిజం పెద్దనాయనా?"

"పట్టానే" అన్నాడు తాత. సర్కారు ఆఫీసులో కూర్చుని సర్కారు కాగితాన్ని కాదనడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

"మరి రాయి అబద్ధమా?"

"రాయెందుకు అబద్ధం చెప్తాదిలే నాయనా" అన్నాడు తాత, చనిపోయిన మనిషిని కాదనడానికీ ధైర్యం చాలక.

శ్రీను చిన్నాయన కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించాడు. ఉన్నట్టుండి బల్ల మీద అరచేత్తో కొట్టాడు. "రెండూ కరెక్టే! తప్పు గోపిక లెక్కలో ఉండాది. మన సంవత్సరాలు ఎన్ని? అరవై. అరవై ఏండ్లకు మళ్లా అదే పేరు వస్తాది. 56 తర్వాత దుర్ముఖి మళ్లా ఎప్పుడొచ్చె? ఫోన్ తియ్యి."

తీశాను. 2016 అని వచ్చింది.

"అయిపాయె! 76లో పట్టా తీసుకున్యాడు. 2016 కార్తీకంలో పోయినాడు. రాయి కరెక్టు, పట్టా కరెక్టు, కంప్యూటరుకు కూడా సంతోషం."

2016లో నాకు ఏడేళ్లు. ఆ ఏడు మా ఇంట్లో ఎవరూ పోలేదని నాకు బాగా తెలుసు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. శ్రీను చిన్నాయన మొహం ఎంతో వెలిగిపోతోంది. మింగేశాను.

తాత మాత్రం నసిగాడు. "ఆ ఏడు మా ఇంట్లో పొట్టేలు తప్ప ఎవురూ పోలేదే సీనూ."

"మొక్కలు బతకాల్నా, వద్దా పెద్దనాయనా?"

తాత మళ్లీ తెర వైపు తిరిగాడు.

వయసు దగ్గర మళ్లీ ఆగిపోయింది. పిచ్చయ్య పోయేటప్పటికి డెబ్బై దాటినాయని తాత విన్నాడట. ఆ లెక్కన 2016కు నూట ముప్పై అవుతాయి. కంప్యూటరులో ఆ గడి రెండంకెలకు మించి తీసుకోలేదు. శ్రీను చిన్నాయన తొంభై తొమ్మిది కొట్టాడు. "ముప్పై ఏండ్లు తగ్గించినాం. ఎవురన్నా వయసు తగ్గిస్తే బాధపడతారా?" అన్నాడు.

కాగితం అర్జీలో చావుకు కారణం కూడా రాయాలి. ‘వృద్ధాప్యం’ అని నేను రాశాను. నా దస్తూరి బాగుందని శ్రీను చిన్నాయన మెచ్చుకున్నాడు. మనసులో ఎక్కడో కొంచెం సంతోషపడ్డాను కూడా. ఆ మాట దాచుకోవడం న్యాయం కాదు.

సాక్షి కావాలంటే సతీష్ మామ వచ్చాడు. మాజీ వార్డు మెంబరు. మా ఊళ్లో ఏ కాగితానికైనా ఆయన సంతకం ఉంటుంది. పెళ్లి కాగితానికీ, పంపకాల కాగితానికీ ఒకటే సంతకం, ఒకటే చిరునవ్వు. శ్రీను చిన్నాయన సంగతి చెప్పీ చెప్పకముందే అందుకున్నాడు.

"గుర్తు లేకేం? నోట్లు రద్దయిన నెల గదా. జనమంతా బ్యాంకుల కాడ నిలబడి ఉండ్రి. పాడె మోసేదానికి మనుషులు లేక నేనే రెండు సార్లు భుజం మార్చుకున్యా. భలే బరువులే ముసలాయన."

తాత ఆయన వైపు అదోలా చూశాడు. సంతకం అయిపోయాక బయట కొట్టులో సతీష్ మామకు టీ ఇప్పించాడు.

ఇక ఒకే ఒక్క మెట్టు మిగిలింది. కుటుంబంలో బతికున్న పెద్దవాళ్లు, ఫలానా మనిషి పోయాడని తమ నోటితో చెప్పాలి. దాన్ని వీడియో తీయాలి. అంటే ముసలవ్వ. పదిహేడో తేదీ పొద్దున శ్రీను చిన్నాయన ట్యాబ్ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆయన వెంట సతీష్ మామ కూడా వచ్చాడు. తాత కుళాయి దగ్గర డ్రమ్ములు నింపుకుంటున్నాడు. ముసలవ్వ అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది.

"అవ్వా, ఇట్ల నా పక్క చూడు. మీ మామ పిచ్చయ్య గారు 2016లో..."

ముసలవ్వ చెవులు మూసుకుంది. "నీ నోరు పడిపోను! పెద్దోళ్ల పేరు అట్ల దబదబా అంటావేందిరా?"

"సరే, పేరొద్దు. మీ మామ 2016లో పోయినాడు. అవునను చాలు."

"ఎవురు పోయినారు?"

"మీ మామ."

"ఆయన పోయి నా కొడుకంత వయసాయె గదరా! నేను కాపురానికొచ్చిన ఏడాదే పోయినాడు. ఆ మరుసటేడు ఈడు పుట్టె."

సతీష్ మామ వీధి వైపు రెండడుగులు వెనక్కి వేశాడు. శ్రీను చిన్నాయన ట్యాబ్ దించలేదు.

"అట్లయితే 76లో పట్టా తీసుకునింది ఎవురు అవ్వా?"

"నేను."

"పట్టాలో పిచ్చయ్య అని ఉండాదే?"

"మళ్లా అంటాడు సూడు!"

శ్రీను చిన్నాయనకు ఏం అడగాలో తోచలేదు. నాకు తోచింది. ఇంటికొచ్చిన మనుషుల ముందు నేను ఎప్పుడూ నోరు తెరవను. ఆ రోజు మాత్రం, అరవై పైన మొక్కలు ఎండిపోయి ఉన్నాయి కాబట్టి, ముసలవ్వ మోకాలి పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగాను.

"ముసలవ్వా, పట్టా రాసేటప్పుడు కరణం నిన్ను ఏం అడిగినాడు?"

"నీ కొడుకు పేరేంది అని అడిగె. ఈడేమో గొర్రెలు తోలుకోని నల్లమల పక్కకు పోయుండె. నేనే పోతి. ఈనికి పెట్టిన పేరేమో మా మామ పేరే. ఆయన పోయిన ఏడాదికే పుట్టినాడని మా అత్త పెట్టె. నేనెట్ల పిలుస్తును చెప్పు? మామ పేరు పెట్టి ‘ఒరే, రారా, బువ్వ తిను’ అనాల్నా? అందుకని నాగులు అనుకున్యా. నేనట్ల అంటుంటే ఊరంతా అట్లే అనె. ఈనికి కూడా అదే తెలుసు. కరణం కాడ మాత్రం ఉన్న పేరే చెప్పల్ల గదా. అదెట్లా నోటితో చెప్పను. ‘మా మామ పేరే ఈనిదీ’ అంటి. ఆయనకు మా మామ తెలుసు. రాసుకున్యాడు."

"మరి తండ్రి పేరు అడగలేదా?"

"అడక్కేం? అడిగె. అప్పటికి ఆయన కూడా లేకపాయె. ఆయన పేరు నేనెట్ల చెప్తునే? తల దించుకోని నిలబడితి. వరుసలో ఎనకాల శానా మంది ఉండ్రి. కరణం ఒక గీత గీసి పొమ్మనె."

కుళాయి కింద డ్రమ్ము నిండిపోయింది.

మొగుడి పేరు, మామ పేరు పలకకూడదని మా ఇళ్లల్లో ఆడవాళ్లకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పరు. నాకూ తెలిసిన సంగతే. కానీ రోజూ కళ్ల ముందు ఉండే దాన్ని నేను రుజువుగా లెక్కపెట్టలేదు. ముసలవ్వకు మామతో పడకపోవడం కాదు. ఆ ఒక్క మర్యాద కోసం ఆమె కన్నకొడుక్కి పేరే మార్చేసింది. పట్టాలో ఉన్న పిచ్చయ్య సమాధిలో ఉన్న పిచ్చయ్య కాదు. రాయి మీద దుర్ముఖి 1956లోదే. నా లెక్క తప్పు కాదు.

శ్రీను చిన్నాయన కూడా అప్పటికి అంత దూరం వచ్చాడు. గొంతు తగ్గించి, "అంటే... మనం 2016లో పోయినాడని రాసిండేది..." అంటూ కుళాయి వైపు చూశాడు.

తాత డ్రమ్ము మూత బిగిస్తున్నాడు. "ఏంది సీనూ? అయిపాయనా?" అని అరిచాడు.

ఆయన్ని పిలిచి కూర్చోబెట్టి, జరిగింది రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. తాత చాలాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు.

"అయితే నేను ఎప్పుడు పోయినాను?"

"తొమ్మిదేండ్లయింది పెద్దనాయనా."

"ఎన్నేండ్లకు?"

"తొంభై తొమ్మిది."

"బాగనే బతికినా" అన్నాడు తాత. తర్వాత అరుగు కింద చెప్పులు వెతుక్కుంటున్న సతీష్ మామ వైపు తిరిగాడు. "ఏమప్పా, భలే బరువుంటి అంటివే?"

సతీష్ మామ సిగ్గుపడే రకం కాదు. "ఇంకెవురినో మోసినట్టుండాలే మామా. ఆ నెల శానా మంది పోయిరి" అన్నాడు.

శ్రీను చిన్నాయన మళ్లీ పనిలో పడ్డాడు. చావు మాట పక్కన పెడితే ఇప్పుడు అసలు చిక్కు వేరే ఉంది. పొలం తాతదే, తాత పేరు మీదే ఉంది. కానీ ఆధార్‌లో, రేషన్ కార్డులో, ఓటరు జాబితాలో అన్నిట్లో ఆయన నాగులు. నాగులు, పిచ్చయ్య ఒక్కరే అని చెప్పడానికి భూమ్మీద ఒకే సాక్షి ఉంది. ఆ సాక్షి ఆ పేరు పలకదు.

"అవ్వా, ఒక్కసారి. వీడియోలో కొడుకును పేరు పెట్టి పిలువు. ఆయన పలకాల. అంతే."

"పిలవను."

"రాసిస్తా, చూసి చదువు."

"నాకు చదువొస్తే ఇదంతా ఎందుకొస్తాదిరా?"

"సైగ చెయ్యి పోనీ."

"ఆ పేరుకు సైగ యాడుందిరా తిక్కోడా!"

తాత లేచి నిలబడ్డాడు. "వదిలెయ్ సీనూ. ఈ వయసులో మాయమ్మను తప్పు చెయ్యమంటావా? పోయినకాడికి పోనీలే. డ్రమ్ములు తోలుకుంటా." భుజం మీద తువ్వాలుతో మొహం తుడుచుకుని బండి వైపు నడిచాడు. నిండిన డ్రమ్మును ఒక్కడే బండిలోకి నెట్టబోయాడు. అది ఎక్కలేదు. కాసేపు దాని మీద చేతులు ఆనించి అలాగే నిలబడ్డాడు. మళ్లీ నెట్టాడు.

ముసలవ్వ చూస్తోంది.

"ఎన్ని ఎండినాయే?" అని నన్ను అడిగింది.

"అరవై రెండు ముసలవ్వా."

ఆమె నా భుజం పట్టుకుని లేచింది. కొంగు తల మీదికి లాక్కుంది. మా పొలం ఉన్న దిక్కుకు తిరిగి రెండు చెంపలూ వేసుకుంది. "మామా, తప్పు కాయి. నిన్ను గాదు పిలిచేది. నీ మనవణ్ణి." అని గొణిగి, ఇటు తిరిగి, ఇంత పెద్ద గొంతు ఆమెలో ఎక్కడ దాక్కుందో, అరిచింది.

"ఒరే పిచ్చయ్యా!"

తాత తలెత్తి వీధి వైపు చూశాడు. ఎవరూ రాలేదు. మళ్లీ డ్రమ్ము నెట్టడంలో పడ్డాడు.

"పలకలేదు" అన్నాడు శ్రీను చిన్నాయన, ట్యాబ్ వెనక నుంచి. "పలక్కపోతే చెల్లదు అవ్వా."

ముసలవ్వకు కోపం వచ్చింది. అరవై ఎనిమిదేళ్లు దాచిన పేరు గాలికి పోవడం ఆమె భరించలేకపోయింది.

"నిన్నేరా పిచ్చయ్యా! చెవుడా? పిలుస్తాంటే పలకవేంది!"

తాత వెనక్కి తిరిగాడు. ఆయన మొహం అప్పుడు ఎలా ఉందో నేను రాయలేను. చిన్నపిల్లాడి మొహంలాగా ఉందంటే చాలదు.

"ఏందిమా?" అన్నాడు.

"ఏం ల్యా. నీళ్లు పొర్లిపోతాండాయి, కుళాయి కట్టెయ్" అంది ముసలవ్వ, కూర్చుంటూ.

శ్రీను చిన్నాయన ఊరుకోలేదు. "అట్లే తండ్రి పేరు కూడా అవ్వా. ఆ గీత కూడా పూడుద్దాం."

"ఈ పొద్దుకు ఒకటి చాలు. ఇంకొకటి అడిగితే రోకలిబండ తీస్తా."

తాతే చెప్పాడు, ఓబులేసు అని. ఆ పేరు వినిపించినప్పుడు ముసలవ్వ తల పక్కకు తిప్పుకుంది. కానీ చెవులు మూసుకోలేదు. అది నేను చూశాను.

మరణం నమోదు అర్జీని ఆ సాయంత్రమే వెనక్కి తీసుకున్నాం. ఎందుకు వెనక్కి తీసుకుంటున్నారని కంప్యూటరు అడిగింది. కారణాల పట్టీ కింది దాకా లాగి చూశాం. ‘వివరాలు తప్పు’ ఉంది, ‘రెండుసార్లు నమోదు’ ఉంది. ‘మనిషి బతికే ఉన్నాడు’ అనేది లేదు. ‘ఇతరములు’ నొక్కాం.

ఇరవయ్యో తేదీ గ్రామసభలో హక్కుదారుల జాబితా చదివి, సచివాలయం గోడకు అంటించారు. జనం పలచబడ్డాక తాత నన్ను దగ్గరికి పిలిచాడు.

"దీంట్లో నేను యాడుండా?"

ఆయన వేలు పట్టుకుని పన్నెండో వరుస మీద పెట్టాను. ‘నాగులు ఉరఫ్ పిచ్చయ్య, తండ్రి ఓబులేసు.’ ఆ వేలిని ఈ చివర నుంచి ఆ చివరి దాకా నడిపించాను.

"ఇదంతా నేనేనా?"

"నువ్వే."

"శానా పొడుగుండానే" అన్నాడు. "ఇంగ కరెంటోళ్లు ఎప్పుడొస్తారంట?"

"నెల రోజులంట తాతా."

తాత మనసులో ఏదో లెక్క వేసుకున్నాడు. మిగిలిన మొక్కలు రెండు వందల ముప్పై ఎనిమిది. మొక్కకు ఇప్పుడు పోస్తున్నది ఒక చెంబు. "చెంబున్నర పోస్తే ఆగుతాయి" అని, డ్రమ్ములున్న బండి వైపు గబగబా నడిచాడు.